పక్కింటికి తాళం పడితే

బ్యాంకు జప్తు చేసిన ఇల్లు, యజమాని వదిలేసి వెళ్లిన ఇల్లు ఆ గోడల మధ్యే ఆగిపోవు. వీధి మొత్తం విలువను కిందికి లాగుతాయి. ఆ పతనాన్ని ఆపిన ఊళ్లున్నాయి. అక్కడ ముందుగా కదిలింది ఇరుగుపొరుగే.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, క్లీవ్‌లాండ్ నగరం. ఉక్కు కర్మాగారాల్లో పనికి వచ్చిన చెక్, పోలిష్ కుటుంబాలు కట్టుకున్న చెక్క ఇళ్ల పేట స్లావిక్ విలేజ్. 2007 నాటికి అక్కడి వీధుల్లో వరసకు కొన్ని ఇళ్ల కిటికీలకు అద్దాల బదులు ప్లైవుడ్ చెక్కలుండేవి. గోడలకు తాపిన అల్యూమినియం రేకుల్ని దొంగలు ఊడబెరికి పాత సామాను కొట్లకు అమ్ముకున్నారు. లోపలి రాగి గొట్టాలనూ కోసుకుపోయారు. ముంగిట్లో గడ్డి మోకాలెత్తు పెరిగింది. అదే వరసలో, రెండిళ్ల అవతల, మెట్లు ఊడ్చి, తెరలు కట్టి, కుండీల్లో పూలు పెంచుకుంటున్న ఇళ్లూ ఉన్నాయి. ఆ ఇళ్లవాళ్లు ఒక్క కిస్తీ ఎగ్గొట్టలేదు, ఒక్క పన్ను బకాయి పెట్టలేదు. అయినా వాళ్లు జీవితమంతా కూడబెట్టుకున్న ఆస్తి విలువ పక్కింటి ప్లైవుడ్ చెక్కతో పాటే పడిపోతూ వచ్చింది. ఆ ఏడాది అమెరికా మొత్తంలో గృహరుణ జప్తు కేసులు అత్యధికంగా నమోదైన పిన్‌కోడ్‌గా ఆ పేట పత్రికలకెక్కింది.

ఈ కథను ఇప్పుడు గుర్తుచేసుకోవడానికి కారణం ఉంది. అమెరికాలో ఉద్యోగాల కోతలు, 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ వీసా దరఖాస్తులపై ప్రకటించిన లక్ష డాలర్ల రుసుము తెలుగు ఇళ్లలో రోజువారీ చర్చలయ్యాయి. హెచ్‌-1బీపై ఉన్నవారికి ఉద్యోగం పోతే మరో దారి చూసుకోవడానికి దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. డాలస్ శివార్లలోనో, న్యూజెర్సీలోనో, కొలంబస్‌లోనో ముప్పయ్యేళ్ల రుణంతో ఇల్లు కొన్న కుటుంబానికి ఆ 60 రోజుల్లో ఇల్లమ్మడం తేలికైన పని కాదు. వెళ్లిపోయేవారి కష్టం గురించి అందరం మాట్లాడుకుంటున్నాం. అదే వీధిలో మిగిలిపోయేవారి సంగతి మాత్రం చర్చకు రావడం లేదు. పక్కిల్లు ఖాళీ అయితే ఏం చేయాలి? అసలు చేయగలిగింది ఏమైనా ఉందా? ఉంది. జప్తు జరిగినంత మాత్రాన వీధి పాడవదు. ఆ ఇంటిని పట్టించుకునే మనిషి లేకపోవడం వల్ల పాడవుతుంది. జప్తును ఆపడం పొరుగువారి చేతుల్లో ఉండకపోవచ్చు. నిర్లక్ష్యాన్ని ఆపడం మాత్రం చాలావరకు వాళ్ల చేతుల్లోనే ఉంది.

నష్టం ఎక్కడ మొదలవుతుంది?

జప్తు ఇంటి పక్కనుంటే ధర తగ్గుతుందన్నది వట్టి భయం కాదు. షికాగో ఇళ్ల అమ్మకాలను పరిశీలించిన పరిశోధకులు ఇమ్మర్‌గ్లక్, స్మిత్‌లు సుమారు 200 మీటర్ల లోపు ఒక్కో జప్తుకు చుట్టుపక్కల ఇళ్ల విలువ దాదాపు 0.9 శాతం తగ్గుతోందని 2006లో చెప్పారు. మసాచుసెట్స్ రాష్ట్రంలో ఏళ్ల తరబడి జరిగిన అమ్మకాలపై క్యాంప్‌బెల్, జిగ్లియో, పాఠక్‌లు 2011లో ప్రచురించిన అధ్యయనమూ దాదాపు అదే మాట చెప్పింది. జప్తయిన ఇల్లు సగటున 27 శాతం తక్కువకు అమ్ముడవుతోంది. దానికి 80 మీటర్ల దూరంలోని ఇల్లు సుమారు ఒక శాతం కోల్పోతోంది. ఒక శాతమే కదా అనిపించవచ్చు. కానీ స్లావిక్ విలేజ్ వంటి చోట్ల జప్తు ఒక్కింటితో ఆగలేదు. నాలుగైదిళ్లు ఒకేసారి ఖాళీ అయితే ఆ ఒక శాతాలన్నీ కలిసి ఒక కుటుంబపు పొదుపును మింగేస్తాయి. ఇంటి విలువ అప్పుకంటే కిందికి దిగితే ఆ కుటుంబమూ కిస్తీ కట్టడం మానేయవచ్చు. అప్పుడు వీధిలో మరో తలుపుకు తాళం పడుతుంది.

ఇంతకంటే ఉపయోగపడే సంగతి 2015లో అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థకు చెందిన ఆర్థికవేత్తల అధ్యయనంలో ఉంది. జెరార్డి, విలెన్ తదితరులు చేసిన ఆ పరిశీలనలో తేలిందేమిటంటే, పొరుగు ధరలపై దెబ్బ వేలం రోజున మొదలుకాదు. యజమాని కిస్తీలు కట్టలేని స్థితికి చేరిన కొద్ది కాలానికే అది కనిపిస్తుంది. జప్తు పూర్తికాకముందే ముదురుతుంది. ఇల్లు కొత్తవారి చేతికి వెళ్లాక క్రమంగా మాయమవుతుంది. ఇక బ్యాంకు చేతిలో ఉన్నా బాగా నిర్వహిస్తున్న ఇళ్ల పక్కన ధరలు పడిపోయిన దాఖలా లేదు. దీనర్థం ఒక్కటే. ఇంటి పత్రాల మీద ఎవరి పేరుందన్నది కొనేవాడికి పట్టదు. అతను గడ్డిని, పగిలిన కిటికీని, చూరు నుంచి వేలాడే గొట్టాన్ని చూసి ధర కడతాడు. కిస్తీలు కట్టలేనివాడు పైకప్పుకు మరమ్మతు చేయించలేడు, పోగొట్టుకోబోయే ఇంటికి రంగు వేయించడు. కాబట్టి జప్తు నోటీసు అంటించేదాకా ఆగి కదలడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే.

• అంకెల్లో •
• ఫిలడెల్ఫియాలో సుమారు 40,000 ఖాళీ ఆస్తుల వల్ల నగరవాసులు కోల్పోయిన ఇంటి విలువ 360 కోట్ల డాలర్లని 2010 నాటి నివేదిక అంచనా. సగటున ఇంటికి 8,000 డాలర్లు.
• డెట్రాయిట్‌లో 2014లో ముగిసిన సర్వే పాడుబడిన కట్టడాలు, చెత్త నిండిన స్థలాలు కలిపి 84,641 లెక్కతేల్చింది. వీధి వీధీ తిరిగి ఫొటోలు తీసినవారిలో స్థానికులే ఎక్కువ.
• క్లీవ్‌లాండ్ జనాభా 1950లో 9,14,808. 2020లో 3,72,624.
• 2008 తర్వాత జప్తు ఇళ్ల పేటలను నిలబెట్టడానికి అమెరికా కేంద్ర ప్రభుత్వం మూడు విడతల్లో ఇచ్చింది సుమారు 700 కోట్ల డాలర్లు.

ఎవరిదో తెలియని ఇల్లు

నిర్లక్ష్యానికి మూలం సోమరితనం మాత్రమే కాదు. జప్తు దారిలో ఉన్న ఇల్లు చాలాకాలం ఎవరి బాధ్యతా కాకుండా ఉండిపోతుంది. నోటీసు అందగానే కుటుంబం భయపడి సామాను సర్దుకుని వెళ్లిపోతుంది. బ్యాంకు చేతికి ఇల్లింకా రాలేదు. కోర్టు ప్రక్రియ కొన్ని రాష్ట్రాల్లో ఏళ్లు పడుతుంది. ఈలోగా ఇంటి ధర పడిపోయి, స్వాధీనం చేసుకున్నా లాభం లేదని తోస్తే బ్యాంకు మధ్యలోనే చేతులు దులుపుకుంటుంది. వెళ్లిపోయిన కుటుంబం ఇల్లు పోయిందనే అనుకుంటుంది. రికార్డుల్లో మాత్రం వాళ్ల పేరే ఉంటుంది. ఏడాదో రెండేళ్లో గడిచాక ఆస్తిపన్ను బకాయి, గడ్డి కోయనందుకు జరిమానా, కూల్చివేత ఖర్చు కట్టమనే నోటీసులు వాళ్లను వెతుక్కుంటూ వస్తాయి. ఇలా గాలికి వదిలేసిన ఇళ్లను అక్కడివాళ్లు జాంబీ ఇళ్లంటారు. హడావిడిగా దేశం వదిలి వెళ్లే తెలుగు కుటుంబాలు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతిది. తాళంచెవి తిరిగిచ్చినంత మాత్రాన బాధ్యత తీరదు. యాజమాన్యం మారినట్టు రికార్డులో నమోదయ్యేదాకా ఆ ఇల్లు మీదే.

బ్యాంకు చేతికొచ్చిన ఇళ్లన్నిటినీ ఒకేలా చూసుకున్నారా అంటే అదీ లేదు. శ్వేతజాతీయుల పేటల్లోని జప్తు ఇళ్లకు గడ్డి కోయించి, నల్లజాతి, లాటినో పేటల్లోని ఇళ్లను చెత్తకుప్పలుగా వదిలేశారని నేషనల్ ఫెయిర్ హౌసింగ్ అలయన్స్, స్థానిక పౌర సంఘాలు ఊరూరా ఫొటోలు తీసి కోర్టుకెళ్లాయి. ఆ కేసులో గృహరుణ దిగ్గజం ఫ్యానీ మే 2022 ఫిబ్రవరిలో 5.3 కోట్ల డాలర్ల రాజీకి ఒప్పుకుంది. ఆ సొమ్ములో ఎక్కువ భాగం దెబ్బతిన్న పేటల బాగుకే కేటాయించారు. ఆ కేసుకు బలం ఓపిగ్గా పోగుచేసిన ఫొటోలే. ఏ ఇంటి ముందు చెత్త ఉంది, ఏ తలుపు విరిగి ఉంది అన్న మామూలు వివరాలే చివరికి సాక్ష్యంగా నిలిచాయి.

గడ్డి కోస్తే ఏమవుతుంది?

గడ్డి కోయడం, చెత్త ఎత్తడం పైపై మెరుగులని కొట్టిపారేసేవారికి ఫిలడెల్ఫియా జవాబు చెప్పింది. అక్కడ పెన్సిల్వేనియా హార్టికల్చరల్ సొసైటీ వదిలేసిన ఖాళీ స్థలాల్లో చెత్త తీసి, నేల చదును చేసి, గడ్డి, నాలుగు చెట్లు నాటి, చుట్టూ నడుమెత్తు కర్ర కంచె కట్టి, క్రమం తప్పకుండా కోత కోయిస్తుంది. 2018 నాటి లెక్కల్లో ఒక్కో స్థలానికి మొదటి ఖర్చు సుమారు 1,600 డాలర్లు, తర్వాత ఏడాదికి 180 డాలర్ల చొప్పున. పరిశోధకులు 541 స్థలాలను లాటరీ పద్ధతిలో విడదీసి కొన్నిటిని బాగుచేశారు, కొన్నిటిని అలాగే వదిలేశారు. 2018లో ఫలితాలు వచ్చాయి. దారిద్ర్యరేఖకు దిగువనున్న పేటల్లో బాగుచేసిన స్థలాల చుట్టూ తుపాకీ హింస 29 శాతం తగ్గింది. దొంగతనాలూ తగ్గాయి. చుట్టుపక్కల నివసించేవారిలో దిగులుగా ఉందని చెప్పినవారు 40 శాతానికి పైగా తగ్గారు. అదే నగరంలో వార్టన్ స్కూల్ ఆచార్యురాలు సూసన్ వాక్టర్ అంతకుముందే ఒక పేటను పరిశీలించి, శుభ్రం చేసి పచ్చదనం పెంచిన స్థలం పక్కనున్న ఇళ్ల విలువ 30 శాతం దాకా పెరిగినట్టు లెక్కకట్టారు.

మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్‌లో ఈ పనిని పూర్తిగా పేటవాసులే భుజాన వేసుకున్నారు. పాడుబడ్డ ఆస్తులను తన చేతికి తీసుకునే అక్కడి జెనెసీ కౌంటీ ల్యాండ్ బ్యాంకు తన ఖాళీ స్థలాల బాగోగులను చర్చి బృందాలకు, పేట సంఘాలకు అప్పగించి, చేసిన పనికి కొంత సొమ్ము ఇస్తుంది. మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశీలించగా, ఇలా చూసుకుంటున్న స్థలాలున్న వీధుల్లో దాడులు, హింసాత్మక నేరాలు వదిలేసిన వీధులకంటే దాదాపు 40 శాతం తక్కువ. ఇదేమీ వింత కాదు. వారం వారం మనుషులు వచ్చిపోయే చోట సారా సీసాలు, పాత టైర్లు చేరవు. ఇక్కడెవరో కనిపెట్టుకుని ఉన్నారన్న కబురు దొంగకూ అందుతుంది, ఇల్లు కొనడానికి వచ్చినవాడికీ అందుతుంది. వాళ్లిద్దరూ వీధిని చూసే నిర్ణయం తీసుకుంటారు.

పెద్ద దావా ఓడింది, చిన్న కేసులు నిలిచాయి

ఎంతకాలమని పొరుగువారే గడ్డి కోస్తారు? బాధ్యుడిని పట్టుకోవాల్సిందే. ఎలా పట్టుకోవాలో కూడా క్లీవ్‌లాండే నేర్పింది. 2008 జనవరిలో ఆ నగరం 21 బ్యాంకుల మీద, వాటి రుణాలే నగరాన్ని పాడుపెట్టాయంటూ భారీ దావా వేసింది. ఆ దావాను 2009లో కొట్టేశారు, పైకోర్టులోనూ నిలవలేదు. అదే సమయంలో నగర గృహనిర్మాణ న్యాయస్థానంలో జడ్జి రేమండ్ పియాంకా మరో దారి పట్టారు. రుణం ఎందుకిచ్చారని ఆయన అడగలేదు. ఈ చిరునామాలో పైకప్పు ఎందుకు కూలింది, ఈ తలుపెందుకు తెరిచి ఉంది అని అడిగారు. నిర్వహణ నిబంధన ఉల్లంఘనకు బ్యాంకులను, ఎక్కడో ఉండి ఇళ్లు గుత్తగా కొన్న పెట్టుబడిదారులను కోర్టు గుమ్మానికి రప్పించారు. రుణమివ్వడమే తప్పని నిరూపించడానికి ఏళ్లు పడుతుంది. తలుపు విరిగిందని నిరూపించడానికి తేదీ ఉన్న ఒక ఫొటో చాలు.

చట్టాలూ ఈ బాటలోనే నడిచాయి. కాలిఫోర్నియాలోని చూలా విస్టా 2007లోనే ఖాళీ అయిన జప్తు ఇళ్లను రుణదాతలు నగరం దగ్గర నమోదు చేసి, చూసుకోవడానికి స్థానికంగా ఒకరిని నియమించాలని శాసించింది. మరుసటి ఏడాది ఆ రాష్ట్రం, జప్తు ఇంటిని పట్టించుకోకపోతే రోజుకు వెయ్యి డాలర్ల దాకా జరిమానా పెట్టింది. ఫిలడెల్ఫియా 2011 నుంచి, జనం నివసిస్తున్న వీధుల్లోని ఖాళీ భవనాలకు ప్లైవుడ్ కాకుండా నిజమైన తలుపులు, కిటికీలు బిగించాలన్న నిబంధనను గట్టిగా అమలు చేసింది. యజమానులు మాట విన్న చోట చుట్టుపక్కల దాడులు తగ్గాయి. న్యూయార్క్ రాష్ట్రం 2016లో జాంబీ ఇళ్ల బాధ్యతను కోర్టు తీర్పు దాకా ఆగకుండా బ్యాంకు మీదే పెట్టింది. తప్పితే రోజుకు 500 డాలర్లు. పెన్సిల్వేనియాలో 2008 నాటి చట్టం మరో అడుగు వేసింది. ఏడాదికి పైగా పాడుబడి ఉన్న భవనం విషయంలో దగ్గర్లోని నివాసి సైతం కోర్టుకెళ్లి, దాన్ని బాగుచేసే బాధ్యుడిని నియమించమని కోరవచ్చు. ఈ చట్టాలన్నిటిలో ఒక పోలిక ఉంది. ఎవరో ఒకరు ఫిర్యాదు రాస్తే తప్ప చాలాసార్లు ఏదీ దానంతట అది కదలదు. ఆ ఒకరు సాధారణంగా పక్కింటివారే అవుతారు.

• పక్కిల్లు ఖాళీ అయితే తొలి నెలలో •
• ఆస్తి రికార్డుల్లో యజమాని పేరు, రుణదాత పేరు చూసి రాసిపెట్టుకోండి.
• వీధిలో నిలబడి వారానికోసారి తేదీతో ఫొటో తీయండి. అనుమతి లేకుండా లోపలికి మాత్రం వెళ్లకండి.
• నీళ్లు, గ్యాస్, కరెంటు సరఫరా ఆపించారో లేదో సంబంధిత సంస్థలను అడగండి. గడ్డకట్టి పగిలే గొట్టం ఇంటిని ఒక్క శీతాకాలంలో ముంచుతుంది.
• గేటు దగ్గర పేరుకునే కరపత్రాలు తీయించండి. వీధి దీపం వెలిగేలా చూడండి.
• నగర నిబంధనల విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. అదే ఫిర్యాదు రుణదాతకూ పంపండి.
• ఒక్కరుగా కాకుండా పది సంతకాలతో వెళ్లండి.

అసలు ఖాళీ కాకుండా చూస్తే?

ఇవన్నీ ఇల్లు ఖాళీ అయ్యాక చేసే పనులు. విలువను కాపాడే మేలైన దారి ఆ కుటుంబాన్ని ఆ ఇంట్లోనే నిలబెట్టడం. అమెరికాలో 2014 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం సాధారణంగా 120 రోజులకు పైగా బకాయిపడితే తప్ప జప్తు ప్రక్రియ మొదలుపెట్టకూడదు. ప్రభుత్వ గుర్తింపున్న గృహ సలహా సంస్థలు కిస్తీల సవరణకు ఉచితంగానో నామమాత్రపు రుసుముకో సాయపడతాయి. కష్టంలో ఉన్నవారు ఈ సంగతి తెలియకో, తెలిసినా సిగ్గుతోనో బ్యాంకు ఉత్తరాలు విప్పడం మానేస్తారు. మన తెలుగు కుటుంబాల్లో ఈ సిగ్గు మరీ ఎక్కువ. బతుకమ్మకు, ఉగాదికి కలిసేవారిలో ఒకరు కొన్నాళ్లుగా కనిపించకపోతే కారణాలు ఊహించడం మానేసి, తలుపు తట్టి అడగాలి. అవసరమైతే బ్యాంకుతో మాట్లాడటానికి తోడుగా కూర్చోవాలి, వెళ్లక తప్పకపోతే జప్తు దాకా రాకముందే ఇల్లమ్మడానికి సాయపడాలి. ఒక కుటుంబాన్ని కాపాడే ఆ పని వీధి విలువనూ కాపాడుతుంది.

అభ్యంతరాలున్నాయి

బ్యాంకు చేయాల్సిన పనిని మేం ఊరికే ఎందుకు చేయాలన్నది మొదటి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. కానీ బ్యాంకుకు ఆ ఇల్లు వేల ఖాతాల్లో ఒకటి, పక్కవారికి తమ ఇల్లు ఉన్న ఒక్కగానొక్క ఆస్తి. ఆలస్యం వల్ల నష్టపోయేది ఎవరో స్పష్టం. అందుకే పని చేయాలి, చేస్తూనే ఖర్చు రాసిపెట్టి బాధ్యుడి దగ్గర అడగాలి. ఊరికే చేస్తూ పోవడమూ, అసలేమీ చేయకపోవడమూ రెండూ తప్పే.

రెండోది ఇంకా బరువైనది. అమెరికాలో ఇంటి విలువలు కాపాడుకుందామన్న నినాదానికి మచ్చ ఉంది. నల్లజాతివారు పేటలోకి వస్తే ధరలు పడిపోతాయని చెప్పి దశాబ్దాల పాటు వారికి ఇళ్లు అమ్మకుండా దస్తావేజుల్లోనే షరతులు రాసుకున్నారు. 1948లో సుప్రీంకోర్టు ఆ షరతులను కోర్టులు అమలు చేయరాదని తీర్పు ఇవ్వాల్సి వచ్చింది. పెన్సిల్వేనియా చట్టాన్ని సైతం ఫిలడెల్ఫియాలో కొందరు పేద, వృద్ధ యజమానుల ఇళ్లు చేజిక్కించుకోవడానికి వాడారన్న విమర్శలున్నాయి. కాబట్టి గీత ఎక్కడ గీయాలో తెలియాలి. మన ఫిర్యాదు ఇంటి స్థితి మీద ఉండాలి, ఇంట్లోకి వచ్చే మనిషి మీద కాదు. విరిగిన తలుపు గురించి రాయవచ్చు. అద్దెకు దిగినవారి కులం, మతం, రంగు, ఆదాయం గురించి రాయకూడదు. చేతకాక వదిలేసిన ముసలి యజమానికి ముందు సాయం అందాలి, నోటీసు సంగతి తర్వాత. పైన చూసిన ఆధారాలన్నీ ఈ గీతనే బలపరుస్తున్నాయి. ధరను పడగొట్టింది ఖాళీతనమూ శిథిలమూ. జనం నిండిన ఇల్లు ఎవరిదైనా వీధికి బలమే.

మూడోది, పని పోయి జనం వలసపోతున్న ఊరిలో గడ్డి కోస్తే ఏం లాభమని. నిజమే, జనాభాలో సగానికి పైగా కోల్పోయిన నగరానికి గడ్డికోత మందు కాదు. కొన్ని ఇళ్లు కూల్చక తప్పదు. అందుకే 2009లో క్లీవ్‌లాండ్ ప్రాంతంలో కయహోగా కౌంటీ ల్యాండ్ బ్యాంకు పుట్టింది. పాడుబడ్డ ఇళ్లను తీసుకుని, నిలిచేవాటిని బాగుచేయించి, నిలవనివాటిని కూల్చడమే దాని పని. డెట్రాయిట్ ల్యాండ్ బ్యాంకు ఖాళీ స్థలాన్ని ఆనుకుని ఉన్న ఇంటివారికి వంద డాలర్లకే అమ్ముతోంది. వాటిలో కూరగాయల మడులు, పిల్లల ఆటస్థలాలు వెలిశాయి. ఇక ఫిలడెల్ఫియా ఫలితాలు బలంగా కనిపించింది అత్యంత పేద పేటల్లోనేనన్నది మరువరాదు. బలహీనమైన చోట చిన్న పని నిష్ఫలమన్న వాదనకు ఆ లెక్కలే ఎదురు సాక్ష్యం.

మన వీధుల్లోనూ

మన దగ్గర జప్తుల ఉప్పెన లేదు కానీ తాళాలకు కొదవలేదు. 2011 జనగణన నాటికే దేశంలో దాదాపు రెండున్నర కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. వాటిలో సుమారు 1.1 కోట్లు పట్టణాల్లోవే. పిల్లలు విదేశాల్లో స్థిరపడి, పెద్దలు కాలం చేశాక మూతపడ్డ ఇళ్లు హైదరాబాద్ కాలనీల్లోనూ కోస్తా ఊళ్లలోనూ కనిపిస్తాయి. మూతలేని సంపులో నిలిచిన వాన నీరు డెంగీ దోమకు పుట్టిల్లు. ఇక్కడా పొరుగువారికి దారులున్నాయి. ప్రజలకు హాని కలిగించే కట్టడాన్ని, చెత్తను తొలగించమని ఆర్డీవో స్థాయి మేజిస్ట్రేటును కోరే వీలు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 152వ సెక్షన్ ఇస్తోంది. పాత సీఆర్‌పీసీలో అది 133వ సెక్షన్. దాని ఆధారంగానే మధ్యప్రదేశ్‌లోని రత్లాం వాసులు మురుగు కాలువల మీద పోరాడారు. నిధుల్లేవన్న సాకు చెల్లదని 1980లో సుప్రీంకోర్టు చేత మున్సిపాలిటీకి చెప్పించారు. రుణ బకాయిల వసూలుకు ఉద్దేశించిన సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ఇంటిని భౌతికంగా స్వాధీనం చేసుకుంటే, వివేకవంతుడైన యజమాని తన ఆస్తిని చూసుకున్నంత శ్రద్ధగా దాన్ని చూడాలని 2002 నాటి నిబంధనలే చెబుతున్నాయి. అపార్ట్‌మెంట్ సంఘాలు ఆ నిబంధనను ఉటంకిస్తూ బ్యాంకు అధీకృత అధికారికి ఉత్తరం రాయాలి. నిర్వహణ బకాయిల వివరం వేలానికి ముందే అందజేయాలి. విదేశాల్లోని యజమానులూ ఒక పని చేయాలి. తాళంచెవి, ఫోన్ నంబరు, ఏడాది నిర్వహణ ఖర్చు నమ్మకస్తులైన పొరుగువారి దగ్గర ఉంచాలి.

ఇంటి విలువంటే దస్తావేజులో రాసిన అంకె అని అనుకుంటాం. ఆ అంకెలో పెద్ద భాగం మన గోడల బయట, వీధిలో తయారవుతుంది. అందుకే దాన్ని ఒంటరిగా కాపాడుకోవడం ఏ యజమానికీ సాధ్యం కాదు. ఎంత మంచి ప్రహరీ కట్టుకున్నా పక్కింటి శిథిలం దాన్ని దాటి వస్తుంది. బ్యాంకులు, నగరపాలికలు తమ బాధ్యత నెరవేర్చాల్సిందే. అవి కదిలేలా చేసే ఫొటో, సంతకం, ఉత్తరం మాత్రం వీధిలోంచే మొదలవ్వాలి. మీ వీధిలో తాళం వేసిన ఇల్లుంటే అది ఎవరిదో ఈ వారమే కనుక్కోండి. ఆ పేరు తెలిసిన రోజు నుంచి, ఇంతకాలం ఎవరినీ అడగలేకపోయిన ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన మనిషి ఒకరుంటారు.